వేళ్లకు తెలిసిన బట్ట

సిరిసిల్లలో కరెంటు మగ్గాన్ని సాంచ అంటారు. సాంచాల షెడ్డుకు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో ఒకప్పుడు ఒక ఆట నడిచేది. ఎవరో ఒకరు వెనక నుంచి వచ్చి, సాంచ నడిపే భూమన్న కళ్లు మూసేవారు. ఇంకొకరు అతని చేతిలో గుడ్డముక్క పెట్టేవారు. భూమన్న దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఒక్కసారి నలిపి, "కాటన్. నలభై నంబరు నూలు. గంజి జరంత ఎక్కువైంది" అనేవాడు. లేదంటే, "పాలిస్టర్. దీంతోని లంగ గుడితే కాళ్లకు సుట్టుకుంటది" అనేవాడు. ఒక్కనాడూ తప్పింది లేదు. పందెం ఓడినవాళ్లు చాయ్ పోయించాలి.

"వీని వేళ్లకు కండ్లున్నయిరో," అనేవాడు పక్క సాంచ నడిపే సామేలు. "ఇంట్ల పెండ్లాం ఏ కూర వండిందో తెల్వది గని, గుడ్డను మాత్రం గుర్తువడ్తడు."

విచిత్రం ఏమిటంటే భూమన్న నేతవాళ్ల ఇంట్లో పుట్టలేదు. వెల్గటూరు దగ్గర గోదావరి ఒడ్డు పల్లె అతనిది. తండ్రి, తాత, అందరూ కల్లు కోసం తాటిచెట్లు ఎక్కినవాళ్లే. భూమన్న కూడా పదహారో ఏట చెట్టెక్కే మోకు కట్టాడు. పద్దెనిమిదో ఏట వానకు తడిసిన తాడి మీద నుంచి జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆరు నెలలు మంచంలో ఉండి లేచాక తల్లి మోకు తీసి దాచేసింది. "నువ్వు నేల మీద బతుకు కొడుకా" అంది. నేల మీద బతుకు ఆ పల్లెలో లేదు. కుంటుకుంటూ మహారాష్ట్రలోని భివండి బస్సెక్కాడు. అక్కడి సాంచాల మధ్య పదకొండేళ్లు గడిచాయి. నేర్పినవాళ్లు మొదట్లో ఏడిపించారు. "గౌడు బట్ట నేస్తే కల్లు వాసనొస్తది, సేటు పట్టుకుంటడు" అనేవాళ్లు. నాలుగేళ్లు తిరిగేసరికి కొత్తగా వచ్చినవాళ్లకు భూమన్నే పాఠం చెప్పసాగాడు. అగ్గిపుల్ల గీసి రెండు పోగులు కాల్చి చూపించేవాడు. "గిది కాటన్, కాయిదం లెక్క కాలి బూడిదైతది. గిది పాలిస్టర్, సూడు, కాలది. కరుగుతది. కరిగి గుండు లెక్క గట్టిపడ్తది. ఏలు మీద పడ్డదనుకో, తోలుతోనే ఊడొస్తది."

ఈ మాట అతను ఎంతమందికి చెప్పాడో లెక్క లేదు.

తండ్రి పోయాక తమ్ముడు రాజేందర్‌ను చదివించింది, పెండ్లి చేసింది భూమన్నే. భివండి నుంచి సిరిసిల్లకు వచ్చి షెడ్డు వెనక రెండు గదుల్లో కాపురం పెట్టాడు. రాజేందర్ మస్కట్ వెళ్లాడు. అతని భార్య జ్యోతి, నాలుగేళ్ల కూతురు దీపతో ఈ ఇంట్లోనే ఉండేది. జ్యోతి పుట్టిల్లు కోరుట్ల. వచ్చిన నెల లోపే షెడ్డులో నూలు కండెలు చుట్టడం నేర్చుకుంది. భూమన్న భార్య గంగవ్వ బీడీలు చేసేది.

తమ్ముని పెండ్లాం బిడ్డతో సమానం అని భూమన్న తల్లి చెప్పేది. బిడ్డతో సమానం గనకనే చూపు తగలనీయొద్దు అని కూడా చెప్పేది. భూమన్న ఆ మాటను ఆరేళ్లు అక్షరాలా పాటించాడు. వాకిట్లోకి వచ్చేముందు దగ్గేవాడు. జ్యోతి తల ఆరబోసుకుంటుంటే షెడ్డులోకి తిరిగి వెళ్లిపోయేవాడు. ఆమె తలుపు చాటు నుంచే "బావా, అన్నం పెట్టిన" అనేది. అతను గోడను చూస్తూ "మంచిది బిడ్డ" అనేవాడు. ఆరేళ్లలో ఆమె ముఖాన్ని అతను నిండుగా చూసింది పెండ్లి ఫోటోలోనే.

ఆ ఏడాది సాంచాలు ఆగిపోయాయి. ఆర్డర్లు లేవు. ఇరవై నాలుగు సాంచాల షెడ్డులో నాలుగే ఆడుతున్నాయి. మిగతావాటి మీద దుమ్ము. సామేలు మళ్లీ భివండి వెళ్లాడు. ఇంకొందరు సూరత్ వెళ్లారు. "నువ్వు గూడ రా భూమన్నా" అన్నారు. తుంటి నొప్పికి భయపడి అతను వెళ్లలేదు. దొరికిన తెల్ల పాలిస్టర్ నేస్తూ కూర్చున్నాడు.

ఉగాది వెళ్లి పది రోజులైంది. పొద్దున పది దాటింది. గంగవ్వ బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది. దీప అంగన్‌వాడీలో ఉంది. భూమన్న అప్పుడే నేసిన తానును మడతపెట్టి షెడ్డు వెనక తలుపు దగ్గరి స్టూలు మీద పెట్టాడు. వంటింట్లో దప్పుమని చప్పుడైంది. తర్వాత అరుపు.

గ్యాసు పైపు ఎప్పుడో పగిలింది. మార్చాలని గంగవ్వా జ్యోతీ అనుకుంటూనే ఉన్నారు.

భూమన్న తలుపు దగ్గరికి వచ్చేసరికి జ్యోతి వాకిట్లోకి ఉరికి వస్తోంది. కొంగు నుంచి మంట వీపుకు ఎక్కింది. ఆమె రెండు చేతులతో చీరను ఒంటి మీద నుంచి లాగి పారేస్తోంది. చీర ఎర్ర అంచు కాలి ముడుచుకోవడం అతనికి కనిపించింది. ఆ వెంటనే చీర జారింది. రవికకూ లంగాకూ అంటిన మంట మాత్రం ఆరలేదు. భూమన్న ముఖం తిప్పుకున్నాడు.

అది అతను ఆలోచించి చేసిన పని కాదు. ఆరేళ్ల అలవాటు మెడను తిప్పింది. ముఖం గోడ వైపు ఉండగానే చెయ్యి పక్కకు పోయి స్టూలు మీది తానును అందుకుంది. అందుకున్న మరుక్షణం వేళ్లు చెప్పాయి: పాలిస్టర్. ఎడమ పక్క మంచం మీద ఉన్ని గొంగడి ఉంది. మూరెడు దూరం. కానీ అటు తిరగాలంటే ఆమె వైపు తిరగాలి. భూమన్న గోడను చూస్తూనే తానును విప్పి ఆమె మీదికి విసిరాడు.

ఆ తర్వాత వినిపించిన అరుపు మొదటిదాని వంటిది కాదు. పక్కింటి రత్నమాల ఉరికివచ్చి, ఎటూ చూడకుండా మంచం మీది గొంగడి లాగి జ్యోతిని చుట్టి నేల మీద దొర్లించింది. మంట ఆరింది.

సిరిసిల్లలో సూది వేసి హైదరాబాదు పంపించారు. అక్కడి పెద్ద ఆసుపత్రిలో కాలిన గాయాల వార్డు ఆరో అంతస్తులో ఉంది. ఒంట్లో సగానికి పైగా కాలిందన్నారు. వీపు, నడుము, భుజాలు, రెండు చేతులు, కాళ్ల వెనక భాగం. ముఖం దక్కింది. వీపు మీద చాలా లోతుకు పోయిందని, కరిగిన బట్ట కండకు పట్టుకుందని చెప్పారు. ఒక డాక్టరు కాగితాలు ముందు పెట్టుకుని భూమన్నను కుర్చీలో కూర్చోబెట్టాడు.

"సింథటిక్ చీర కట్టుకుందా ఆమె? నైలాన్‌లాంటిది?"

భూమన్న నోరు తెరిచాడు. కాదు సార్, నేనే, అనే మాట గొంతు దాకా వచ్చింది.

"అవును సార్. గట్లనే ఉండె," అన్నాడు.

డాక్టరు రాసుకున్నాడు. కాగితం మీద ఎక్కాక ఆ మాటకు కాళ్లొచ్చాయి. కోరుట్ల నుంచి వచ్చిన జ్యోతి తల్లి బాలవ్వకు చేరింది. ఫోనులో మస్కట్‌లోని రాజేందర్‌కు చేరింది. అతని పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంది. పని పూర్తయ్యేదాకా పంపేది లేదంటున్నారు. రాలేని మనిషి కోపం నోట్లోకి వస్తుంది. "నైలాన్ చీర గట్టుకొని పొయ్యికాడికి పోతరా అన్నా? గామాత్రం తెలివి లేదా దానికి? సాంచాల ఇంట్ల ఉండి ఏ బట్ట ఏందో తెల్వదా?" అని అరుస్తూనే ఏడ్చాడు. భూమన్న ఫోను చెవి దగ్గర పెట్టుకుని తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

రత్నమాల ఆ గాభరాలో గుడ్డ ఏదో గమనించలేదు; సంగతి తెలిసింది గంగవ్వకు ఒక్కదానికే. వాకిలి ఊడ్చేటప్పుడు సగం కరిగిన తాను ఆమెకు దొరికింది. దాన్ని వేస్టు నూలు సంచి అడుగున కుక్కి హైదరాబాదు వచ్చింది. ఆసుపత్రి మెట్ల మీద మొగుని పక్కన కూర్చుని మెల్లగా అంది.

"చెప్పకు. నీ తమ్ముడు ఉడుకు నెత్తురోడు. అన్నదమ్ముల నడుమ అగ్గి పడ్తది. పాణం దక్కుతే సాలు."

"ఆమెను అందరు తిడ్తున్నరే."

"తిట్లకు తోలు ఊడదు గదా."

ఆ మాట ఎంత కటువుగా ఉందో అన్నాక గంగవ్వకే తెలిసి, కొంగు నోట్లో పెట్టుకుంది. భూమన్నకు మాత్రం ఆ సలహా చల్లగా తగిలింది. చెప్పొద్దన్నది తను కాదు కదా అనుకున్నాడు.

వార్డును చూసే డాక్టరు వర్షిత. ముప్పై ఏళ్లుంటాయి. తిండి వేళలు కూడా మరిచి తిరుగుతుంది. అయిదో రోజు బాలవ్వనూ భూమన్ననూ పిలిచి కూర్చోబెట్టింది.

"ఎక్కడ మీది?"

"సిరిసిల్ల. పుట్టింది వెల్గటూరు దిక్కు, మేడం."

"మాది గొల్లపల్లి. మా తాతలది."

భూమన్న లేచి నిలబడ్డాడు. ఆమె కోటు మీది పేరు చివర రావు అని ఉంది; గొల్లపల్లి దొరల పిల్ల. "దొరసానమ్మా—"

"కూసో కూసో. దొరసాని గిరసాని వద్దు. డాక్టర్ అను, సరిపోతది." ఆమె నవ్వింది. తర్వాత నవ్వు ఆపి చెప్పింది. "కాలిన తోలు తీసేసినం. మామూలుగైతే ఒంటి మీదనే ఇంకోచోటి తోలు తీసి ఇక్కడ అతికిస్తం. జ్యోతికి అంత తోలు మిగల్లేదు. అందుకని వేరే పని చేస్తున్నం. వచ్చిన నాడే తొడ లోపలి నుంచి పోస్టు బిళ్లంత ముక్క తీసినం. దాన్ని ల్యాబ్‌ల పెంచుతరు."

"పెంచుడేంది బిడ్డా? తోలును?" అంది బాలవ్వ.

"తోలుల కండ్లకు కనబడని కణాలుంటయి అవ్వా. వాటిని విడదీసి, గాజు గిన్నెలల్ల పరిచి, మేత లెక్క ఒక రసం పోసి, ఒంటి వేడిల ఉంచుతరు. ఒకటి రెండైతది, రెండు నాలుగైతయి. అట్ల పరుచుకుంటా పోయి పల్చటి పొర కడ్తది. బిళ్లంత ముక్క నుంచి వీపంత తోలు వస్తది. మూడు వారాలు."

బాలవ్వ వేళ్ల మీద లెక్కపెట్టింది. "ఇరవై ఒక్క దినం. కోడి పొదుగుడు గూడ గంతే."

"పొదుగుడే అనుకో."

"అందాక వీపు ఉత్తగనే ఉంటదా?"

"ఉండొద్దు. చనిపోయినోళ్లు దానం చేసిన తోలు కప్పినం. అది కొన్ని దినాలు కాపలా ఉంటది. తర్వాత ఊడిపోతది."

భూమన్న ముందుకు వంగాడు. నాలుగు రోజులుగా అతని మనసులో తిరుగుతున్నది అదే. "నాది తీసుకో డాక్టరమ్మా. వీపుది తీసుకో, కాళ్లది తీసుకో. నాకు మత్తు గూడ వద్దు."

బాలవ్వ కళ్లు తుడుచుకుంటూనే మూతి తిప్పింది. "సాలు పెద్దల్లుడా. నా బిడ్డ ఎర్రగుంటది. నీ తోలు ఏస్తే గొంగడి అతుకేసినట్టుంటది."

వర్షిత నవ్వలేదు. "అతకది భూమన్నా. నీది పెట్టినా పది పదిహేను దినాలే. అది తనది కాదని ఒంటికి తెలుస్తది, తోసేస్తది. ఆమెకు ఆమె తోలే కావాలె. ఇంకెవరూ ఇయ్యలేరు."

భూమన్న కుర్చీలో వెనక్కి వాలాడు. ఒళ్లు కోయించుకుంటే తీరుతుందనుకున్నాడు. నొప్పి ఎంతైనా పడటానికి సిద్ధపడ్డాడు. నొప్పి ఎవరికీ అక్కర్లేదని తేలిపోయింది. అతని దగ్గర జ్యోతికి పనికివచ్చేది ఒకటే మిగిలింది, ఒక వాక్యం. అది చెప్పడానికి మత్తు సూది ఏదీ ఉండదు.

గంగవ్వ దీపను చూసుకోవడానికి సిరిసిల్ల వెళ్లిపోయింది. భూమన్న ఉండిపోయాడు. మందులు తెచ్చేవాడు, బాలవ్వకు టిఫిన్ తెచ్చేవాడు, లోపలికి పోకుండా తెర ఇవతల స్టూలు మీద కూర్చునేవాడు. లోపలి మాటలన్నీ వినిపించేవి.

"నైలాన్‌ది గాదవ్వా. నీ పాత చీరనే. కాటన్‌ది, ఎర్ర అంచుది. ఎండలని గట్టుకున్న."

"నీకేం యాదుంటది బిడ్డా? పాణం మీదికొచ్చిన మనిషివి. మీ బావ సూసి చెప్పిండు. ఆయనకన్న ఎక్కువ తెల్సా బట్ట సంగతి?"

రాజేందర్ ఫోను చేసినప్పుడల్లా అదే వాదన. "కట్టుకున్న చీర గూడ యాదిలేదా? ఇంకేం యాదుంటయి నీకు?" అనేవాడు. మొదట్లో జ్యోతి గట్టిగా కాదనేది. రెండో వారానికి మెల్లగా అనేది. ఆ తర్వాత అనడం మానేసింది.

పదహారో రోజు మధ్యాహ్నం బాలవ్వ స్నానానికి పోయింది. తెర లోపల నుంచి జ్యోతి గొంతు వచ్చింది.

"బావా, ఉన్నరా?"

"ఉన్న బిడ్డ."

"నాకొకటి చెప్పుండ్రి. ఆనాడు నేను ఏ చీర గట్టుకున్న?"

భూమన్న తెర మడతలు చూశాడు. కాటన్. ఆసుపత్రి ఉతుకులకు పలచబడ్డ కాటన్. "నేను సక్కగ సూడలేదు బిడ్డ," అన్నాడు.

"మరి నైలాన్‌దని మీరే చెప్పిండ్రట?"

"డాక్టర్లు… గాయం సూసి వాళ్లే అన్నరు."

 లోపల యంత్రం టిక్కుమంటోంది.

"అయితే నా మతే తప్పినట్టుంది బావా," అంది జ్యోతి. "కండ్లు మూసుకుంటే ఎర్ర అంచే కనబడ్తది నాకు. పొద్దుగాల దండెం మీద నుంచి తీసుడు గూడ యాదికుంది. జరగంది గింత సాఫ్‌గ యాదికుంటదా? మంటకు మనిషి బుర్ర గూడ కాలుతదా?"

భూమన్న లేచి వరండాలోకి వెళ్లాడు. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. తోలు కాలిస్తే ల్యాబులో పెంచుతున్నారు. మతి పోయిందని మనిషిని నమ్మించినవాడు దాన్ని ఎక్కడి నుంచి తెచ్చిస్తాడు? ఇరవై ఒకటో రోజు, ఆపరేషన్ కంటే ముందే చెప్పేయాలని ఆ పూట గట్టిగా అనుకున్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నే వర్షిత అతన్ని పిలిచి, మూత పెట్టిన చిన్న గిన్నె చూపించింది. లోపల, కట్టుగుడ్డ ముక్క మీద, ఏదో పల్చటి తడి మెరుపు. పాల మీది మీగడ కంటే పలచన.

"గిదేనా?"

"గిదే. ఇట్లాంటివి చానా ఉన్నయి. ఆపరేషన్ థియేటర్ల పరుస్తం."

"పడుగు లేదు, పేక లేదు," అన్నాడు భూమన్న, అనుకోకుండానే. "మరి ఎట్ల పట్టుకొని ఉంటది?"

"ఒకదానికొకటి పట్టుకుంటయి. కాని లేత పొర. పది దినాలు ఆమె కదలొద్దు. బోర్ల పడుకునే ఉండాలె. ఏడ్వొద్దు, ఎక్కిళ్లు పెట్టొద్దు. ఆమె మనసు కష్టపెట్టే మాట ఎవరూ అనొద్దు. రాజేందర్‌కు నేనే చెప్పిన, ఫోన్ చెయ్యొద్దని. మీరు గూడ."

భూమన్న తల ఊపాడు. చెప్పాలని వచ్చిన మాట చెప్పకూడని మాట అయింది. అతని గుండె తేలికపడింది. ఆ తేలికను గుర్తుపట్టినప్పుడు తన మీద తనకే రోత పుట్టింది.

కొత్త తోలు చాలావరకు పట్టుకుంది. ఎడమ భుజం మీద అరచెయ్యంత మేర ఊడిపోయింది. దాన్ని తర్వాత మళ్లీ అతికించారు. రెండు నెలలు దాటాక జ్యోతిని కోరుట్ల, తల్లి ఇంటికి పంపారు. వారం వారం జగిత్యాల ఆసుపత్రిలో కట్టు మార్పించుకోవాలి. కొత్త తోలుకు చెమట పట్టదు, ఎండ పడదు, గోరు తగిలినా బొబ్బలేస్తుంది. భూమన్న ప్రతి మంగళవారం సిరిసిల్లలో మొదటి బస్సెక్కి, వేములవాడ మీదుగా కోరుట్ల వచ్చి, ఆటో మాట్లాడి, తల్లీబిడ్డలను జగిత్యాల తీసుకుపోయి మళ్లీ దింపేవాడు. గొడుగు పట్టుకునేవాడు. ఎప్పటిలాగే రెండడుగులు వెనక, ముఖం పక్కకు తిప్పుకుని.

ఊరు మెచ్చుకుంది. ఆటో నడిపే లక్ష్మీరాజం అయితే కిరాయి మాట్లాడేటప్పుడల్లా, "గీ కాలంల సొంత తండ్రి చేస్తలేడు. నీ కాళ్లు మొక్కాలె" అనేవాడు. మెచ్చుకోలు ఒక్కొక్కటీ కరిగిన గుండులా పడి అక్కడే గట్టిపడేది.

ఆషాఢంలో ఒక మంగళవారం. జగిత్యాల నుంచి తిరిగివచ్చి ముగ్గురూ కోరుట్ల ఇంటి వసారాలో కూర్చున్నారు. బాలవ్వ చేట ఒళ్లో పెట్టుకుని బీడీలకు కూర్చుంది. పక్కింటి ఆడవాళ్లిద్దరు తునికాకు కట్టలు తెచ్చుకుని చేరారు.

"మా పెద్దల్లుడు దేవుడు," అంది బాలవ్వ వాళ్లతో, ఆకు కత్తిరిస్తూ. "గుడ్డ కప్పి మంట ఆర్పిండు. లేకుంటే నా బిడ్డ దక్కకపోవు. గీ పిచ్చిది నైలాన్ గట్టుకోకుంటే గింత ఆగం లేకపోవు."

వాళ్లు చ్చొచ్చొ అన్నారు. కాసేపటికి కార్ఖానా వేళైందని లేచి వెళ్లారు. జ్యోతి గోడకు ఆనకుండా నిటారుగా కూర్చుని ఉంది. వీపు దేనికీ తగలకూడదు. కుడి చెయ్యి ఎత్తి ఎడమ చేతికి ఆనించింది.

"బావా, అందరిని పరేషాన్ జేసిన. మీ సాంచ పని గూడ ఆగింది నా తప్పుకు. నన్ను మాఫ్ చెయ్యుండ్రి."

దండం పెట్టిన ఆ చేతులను భూమన్న చూశాడు. చూపు తిప్పుకోలేకపోయాడు.

"చీర కాటన్‌దే," అన్నాడు.

బాలవ్వ కత్తెర ఆగింది.

"ఎర్ర అంచుది. నేను సూసిన. నీ యాది తప్పలేదు. కాటన్ కాలి రాలిపోయింది. నీ వీపుకు అంటుకున్నది నేనేసిన తాను. పాలిస్టర్ తాను."

జ్యోతి చేతులు దించింది. "మల్ల చెప్పు."

ఆరేళ్లలో ఆమె అతన్ని ఏకవచనంలో అనడం అదే మొదలు. భూమన్న మళ్లీ చెప్పాడు. స్టూలు, మంచం, గొంగడి, అన్నీ చెప్పాడు.

"పాలిస్టర్ అని ఎప్పుడు తెల్సింది నీకు? ఏసినంకనా?"

"ఏసే ముందే. చెయ్యి పడంగనే తెల్సింది."

"గొంగడి ఎంత దూరముండె?"

"మూరెడు."

"మరి?"

"అటు తిరిగితే… నీ ఒంటి మీద చీర లేకుండె బిడ్డ."

జ్యోతి అతని ముఖంలోకి సూటిగా చూసింది. "నేను కాలుతున్న. నీకు మర్యాద యాదికొచ్చిందా?"

భూమన్న తల వంచి తన వేళ్లను చూసుకున్నాడు.

"సరే, గది ఇడువు," అంది జ్యోతి.  "ఆగమాగంల చెయ్యి తప్పుతది. ఎవలకైనా తప్పుతది. దవాఖానల ఎందుకన్నవు? అక్కడ మంట లేకపాయె. ఎవలు ఉరుకుతలేకపాయె. కుర్చీల కూసొని చెప్పినవు. నేను అడిగిన నిన్ను. తెర ఎనుక నుంచి, నోరు దెరిచి అడిగిన. గప్పుడన్న చెప్పకపోతివి. మతి పోయిందనుకున్న బావా. దీపకు అన్నంల ఏమన్న కలిపి పెడ్తనేమో, నా చేతికి పిల్లను ఇస్తరా ఇయ్యరా అని మూన్నెల్ల సంది భయపడ్తున్న. నువ్వు ఇక్కడ గొడుగు పట్టుకొని తిరుగుతున్నవు."

"తప్పే బిడ్డ. నాదే తప్పు."

"నాకెందుకు చెప్తున్నవు? నాకు ముందుగాల్నే తెల్సు చీర ఏదో." ఆమె గడప దగ్గరున్న అతని ఫోను వైపు గడ్డంతో చూపించింది. "మీ తమ్మునికి చెయ్యి. నా ముంగట."

భూమన్న ఫోను అందుకున్నాడు. నంబరు నొక్కాడు. మస్కట్‌లో అది తిండి వేళ. రాజేందర్ రెండో రింగుకే ఎత్తాడు. వెనక ఏవో యంత్రాల హోరు.

"అన్నా, జగిత్యాల పోయొచ్చిండ్రా? ఏమన్నరు?"

"రాజేందర్, చీర కాటన్‌దిరా. నేను అబద్ధం చెప్పిన."

"ఏందన్నా? ఇనబడ్తలేదు."

భూమన్న గొంతు పెంచి మొదటి నుంచి చెప్పాడు. వీధిలో పోయేవాళ్లు తిరిగి చూశారు. చెప్పడం అయిపోయాక ఫోనులో హోరు మాత్రమే మిగిలింది. కట్ అయిందేమో అనుకున్నాడు.

"ఎన్ని మాటలన్నన్నా నేను దాన్ని," అన్నాడు రాజేందర్ చివరికి. "నువ్వు ఇనుకుంట ఊకున్నవు. ప్రతిసారి ఫోన్ నీ చేతులనే ఉండె." మళ్లీ హోరు. "ఆమెకియ్యి."

భూమన్న ఫోను చాపాడు. జ్యోతి అందుకోలేదు.

"ఇయ్యాల గాదు," అంది, అవతలికి వినిపించేంత గట్టిగా. "శాన మాట్లాడిండు ఆయన. ఇప్పుడు నాకు తీరలేదు. రేపు జెయ్యమను."

ఫోను ఆగిపోయింది. బాలవ్వ చేట దించి, పొగాకు చేతులు కొంగుకు తుడుచుకుని, బిడ్డ దగ్గరికి వచ్చింది.  వీపు మీద చెయ్యి వేయబోయి భయపడి ఆగింది.

"అక్కడ ముట్టితే నాకు తెల్వదవ్వా, ఇంక తెలివి రాలేదు ఆ తోలుకు," అంది జ్యోతి. "ఇక్కడ ముట్టు." తల్లి చెయ్యి పట్టుకుని తన చెంప మీద పెట్టుకుంది.

భూమన్న లేచాడు. చెప్పేస్తే బరువు దిగుతుందని ఇన్నాళ్లూ అనుకున్నాడు. దిగలేదు. గడప దాటి చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నాడు. ఉండమని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు. సందు మలుపు దాకా వెళ్లాక వెనక నుంచి పిలుపు వినిపించింది.

"మంగళారం తొమ్మిదింటికల్ల రా," అంది జ్యోతి వసారాలో నుంచి. "లేటైతే ఎండ ఎక్కుతది."

భూమన్న వెనక్కి తిరిగి, ఆమె ముఖాన్ని చూస్తూ, "వస్త" అన్నాడు. ఎప్పుడూ ఆ మాట చివర వచ్చే 'బిడ్డ' ఈసారి అతని నోటికి రాలేదు.